చెయ్యి పట్టేంత కన్నం

"నీ చెయ్యయితే పడుతుంది," అన్నాడు వెండెల్. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో నా మొగుడు నా ఒంటి గురించి మెచ్చుకోలుగా అన్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో ఇదొకటి. విమానం రెక్కలో పెట్రోలు ట్యాంకు చివర కోసిన గుండ్రటి కన్నం మూడున్నర అంగుళాలు. అతని చెయ్యి బొటనవేలి మొదట్లోనే ఆగిపోతుంది, నాది మోచేతి దాకా వెళుతుంది. లోపల రేకుకి రేకు కలిసిన ప్రతి అతుకు మీదా, రేకుల్ని కలిపి బిగించిన ప్రతి రివిట్టు తల మీదా నల్ల జిగురు పూయాలి, లేకపోతే పెట్రోలు కారుతుంది. రెండు డబ్బాల్లోంచి తీసి కలిపాక రెండు గంటల్లో గట్టిపడిపోతుంది ఆ జిగురు. కుళ్ళిన గుడ్ల వాసన. చర్మానికి అంటితే వారం దాకా వదలదు. నేను ఊళ్ళో సరుకుల దుకాణంలోని బేకరీలో పంతొమ్మిదేళ్ళుగా కేకులు అలంకరిస్తున్నాను. "క్రీముతో గులాబీలు చేసేదానివి, నీకిదెంత," అన్నాడు. అందుకని క్రీము నింపే సంచీలోనే ఆ జిగురు నింపి, మొన కత్తిరించి, చెయ్యి లోపలికి పోనిచ్చి, కంటికి కనపడని చోట వేలితో తడుముకుంటూ పూశాను. అతను బయట దీపం పట్టుకుని నిలబడి ఇంకాస్త ఎడమకి, అక్కడ వదిలేశావు చూడు, అని చెబుతూ ఉండేవాడు.

సోమవారం బేకరీకి వెళ్ళేసరికి గోళ్ళ సందుల్లో నలుపు అలాగే ఉండేది. మా మేనేజరు బ్రెండా చూసి, చేతి తొడుగులు మాత్రం తియ్యకు ఆర్డిస్, తారు రోడ్డు వేసి వచ్చావనుకుంటారు, అంది. అందరూ నవ్వారు, వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. పెళ్ళి కేకు తీసుకోవడానికి ఎవరైనా వస్తే నన్ను వెనక ఉండమని వేరే అమ్మాయిని ముందుకి పంపేది. పొద్దున నాలుగు గంటల పాటు నడుం విరగ్గొట్టుకుని నేను చేసిన కేకుని ఆ పిల్ల రెండు చేతులతో అందించి, వచ్చినవాళ్ళు ఎంత బావుందో అంటే, థాంక్స్ అని చెప్పేది. నాకది పెద్ద బాధేం కాదు, ఇంట్లో అలవాటైన సంగతే.

తొమ్మిదేళ్ళ క్రితం వెండెల్ సొంతంగా కట్టుకుంటానని తెప్పించిన ఆ విమానం మా ఇంటి ముందు చెక్కపెట్టెల్లో ముక్కలుగా దిగింది. అప్పట్నుంచి మా శని ఆదివారాలన్నీ ఎయిర్‌ఫీల్డు పక్కన రేకుల షెడ్డులోనే. ఒక రివిట్టు కొట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. బయట అతను తుపాకీ లాంటి యంత్రంతో కొడుతుంటే, లోపల నేను ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. పన్నెండు వేల రివిట్లు. నా మణికట్టు ఇప్పటికీ వాన పడే ముందు సలుపుతుంది. విమానం తానే కట్టానని రుజువు చూపిస్తేనే ప్రభుత్వపు ఇన్‌స్పెక్టరు కాగితం ఇస్తాడు కాబట్టి, పని చేస్తున్న ప్రతిసారీ ఫొటో తియ్యాలి. ఆ తీసేది నేను. దిమ్మ కింద పెట్టి, చేతులు తుడుచుకుని, అతను యంత్రం పట్టుకుని నిలబడితే ఫొటో తీసి, మళ్ళీ దిమ్మ అందుకునేదాన్ని. పదకొండు వందల ఫొటోలున్నాయి, ఒక్కదాంట్లో కూడా నేను లేను. రెండు మూడింటిలో నా నీడ పడితే, సరిగా రాలేదని అతను తీసేశాడు.

మా అత్తగారు బతికున్నప్పుడు, నీ అదృష్టం బావుంది ఆర్డిస్, మావాడు సారా కొట్టు మొహం చూడడు, వేటకని పోయి వారాల తరబడి మాయమవడు, షెడ్డులో ఉంటే కళ్ళెదుట ఉన్నట్టే కదా అనేది. నిజమే, అతను తాగడు, కొట్టడు, గొంతు కూడా పెంచడు. అందువల్ల నాకేం తక్కువో ఎవరికైనా చెప్పాలంటే నోరు రాదు.

రెక్కల్లో మొదట రెండే ట్యాంకులుండేవి, అవి చాలు. పోయిన ఏడాది వేసవిలో రెక్కలు పూర్తయ్యాక ఇంకో రెండు పెడదామన్నాడు. పూర్తయిన రెక్కని మళ్ళీ ఎవరు విప్పుతారని నేను గొణిగితే, "ఇంకో రెండుంటే మైల్స్ సిటీ దాకా ఎక్కడా దిగకుండా వెళ్ళొచ్చు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి మీ అక్క దగ్గరుంటావు," అన్నాడు. మర్నాడే రివిట్లు ఊడదీయడం మొదలుపెట్టాం.

మా అక్క లావోన్ నాకంటే పదకొండేళ్ళు పెద్దది. మా అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. జడ వెయ్యడం, బడికి పంపడం, జ్వరం వస్తే పక్కన పడుకోవడం, అన్నీ అక్కే. పెళ్ళయి మాంటానా రాష్ట్రానికి వెళ్ళిపోయింది, ఇప్పుడు మైల్స్ సిటీలో కూతురు కోరీన్ దగ్గర ఉంటోంది. రెండేళ్ళుగా ఒక్కొక్కటే మరిచిపోతోంది. మొదట పొయ్యి ఆర్పడం, తర్వాత వీధులు, తర్వాత పోయిన బావ పేరు. నేను దాన్ని చూసి తొమ్మిదేళ్ళయింది. ఎందుకు వెళ్ళలేదంటే, శని ఆదివారాలు షెడ్డుకే సరిపోయేవి, బేకరీలో లీవు దొరికేది ఏడాదికి పది రోజులు. అందులో ఓ వారం ప్రతి వేసవిలోనూ విమానాల మేళాకి పోయేది. అక్కడ మగవాళ్ళు ఒకరి విమానం కింద ఒకరు దూరి చూస్తుంటే, మేం ఆడవాళ్ళం గుడారాలూ కుర్చీలూ కార్లలో మోసుకెళ్ళి వండి పెట్టేవాళ్ళం. మిగతా రోజులు రెక్కకో తోకకో పోయేవి. నేను బస్సు మాట ఎత్తినప్పుడల్లా, ఇరవై రెండు గంటలు బస్సులో ఎందుకు పడుంటావు, వచ్చే వసంతానికి ఎగిరే వెళదాం, అనేవాడు. వచ్చే వసంతాలు తొమ్మిది వచ్చాయి. నమ్మింది నేనే కదా, అందుకని తప్పంతా అతని మీదకి తోసెయ్యలేను.

అక్టోబరులో కోరీన్ ఫోన్ చేసింది. "పిన్నీ, అమ్మ ఇంకా మనుషుల్ని గుర్తుపడుతోంది. నీ పేరు రోజూ తలుస్తోంది. డాక్టరు మాత్రం ఇదెన్నాళ్ళుంటుందో చెప్పలేనంటోంది. నవంబరు ఆఖర్లో థాంక్స్‌గివింగ్ పండక్కి రాగలవా?" అని అడిగింది. ఆ సాయంత్రమే నేను బస్సు టిక్కెట్టు కొన్నాను. బ్రెండాని బతిమాలి అయిదు రోజులు లీవు తీసుకున్నాను. వెండెల్‌తో చెబితే సరే అన్నాడు, సూపులూ అవీ చేసి ఫ్రీజరులో పెట్టమన్నాడు. చేసి, డబ్బాల మీద రోజుల పేర్లు రాసి పెట్టాను.

బయల్దేరడానికి రెండు వారాల ముందు శనివారం కొత్త ట్యాంకులు రెండూ పరీక్షించాం. మా ఎయిర్‌ఫీల్డులో అందరూ చేసే పరీక్ష ఒకటే. ట్యాంకుకి ఉన్న దారులన్నీ మూసేసి, గాలి పోయే గొట్టానికి ఒక పుట్టినరోజు బెలూన్ కట్టి, అది ఉబ్బేంత గాలి పంపుతారు. మర్నాటికీ బెలూన్ నిక్కి నిలబడితే ట్యాంకు గట్టిది, వాడిపోతే ఎక్కడో కారుతున్నట్టు. రెండు బెలూన్లు, ఒకటి ఎర్రది ఒకటి పసుపు, నేను మా బేకరీ నుంచి తెచ్చాను. ఆ రోజు షెడ్డులో కిరసనాయిలు హీటరు మండుతోంది, వెండెల్ చొక్కా చేతులు మడిచి పని చేశాడు. బెలూన్లు రెండూ బొద్దుగా నిలబడ్డాయి. హీటరు ఆర్పి ఇంటికొచ్చాం. మర్నాడు చర్చి నుంచి నేరుగా వెళ్ళి చూస్తే కిటికీ అద్దాలకి లోపలి వైపు మంచు పట్టి ఉంది, బెలూన్లు రెండూ తలలు వాల్చేశాయి.

నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ సంగతి నాకు తెలుసు. మా బేకరీ పక్కనే బెలూన్లు అమ్ముతారు. జనవరిలో ఏ తల్లైనా పిల్లాడి పుట్టినరోజుకి కొనుక్కుని కారు దాకా వెళ్ళేసరికి అవి ముడుచుకుపోతాయి. పాడైన బెలూన్లిచ్చావని తిరిగొచ్చి నా మీద కేకలేస్తారు. చలికి అంతేనండీ, ఇంట్లో వెచ్చగా ఉన్నచోట పెట్టండి, మళ్ళీ ఉబ్బుతాయి, అని పంతొమ్మిదేళ్ళలో కొన్ని వందల మందికి చెప్పి ఉంటాను. అదే వెండెల్‌కీ చెప్పాను, హీటరు పెట్టి చూడమన్నాను.

"ఇది కేకుల దుకాణం కాదు ఆర్డిస్," అన్నాడు అతను నెమ్మదిగా. "ఇక్కడ తప్పు జరిగితే మనిషి పోతాడు. హీటరు పెడితే కన్నం పూడుతుందా?"

సబ్బునీళ్ళు తెచ్చి అతుకులన్నిటి మీదా పోసి చూశాడు. ఎక్కడా బుడగ రాలేదు. రాకపోయేసరికి కన్నం లోపలెక్కడో దాక్కుందన్నాడు. "పూసింది నువ్వు. ఎక్కడ వదిలేశావో నీకే తెలియాలి." ఆ మాటతో నాకు నా మీదే అనుమానం పుట్టింది. కనపడని చోట పూశాను కదా, వేలు ఎక్కడైనా దాటేసిందేమో. పంతొమ్మిదేళ్ళ నా ఎరుకని నేను అర నిమిషంలో వదిలేసుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుకొస్తుంది.

లోపల పూసిందంతా గీకి, శుభ్రం చేసి, మళ్ళీ పూయాలన్నాడు. డిసెంబరు వస్తే షెడ్డు వేడెక్కదు, చలికి జిగురు గట్టిపడదు, కాబట్టి నవంబరు లోపలే అవ్వాలి. నాకు వరసగా ఖాళీ ఉన్నది ఆ అయిదు రోజులే. వెళ్ళొద్దని అతను అనలేదు. అతనెప్పుడూ ఏదీ వద్దనడు. "నీ ఇష్టం. వెళతానంటే వెళ్ళు, నేనేదో తంటాలు పడతాను," అని, తన చెయ్యి ఆ కన్నంలో పెట్టి, అది పట్టక ఎర్రబడుతుంటే నా వైపు చూశాడు. నేను ఇంటికెళ్ళి కోరీన్‌కి ఫోన్ చేశాను.

ఈసారి రాలేనని చెప్పాను. కోరీన్ ఫోను అక్కకిచ్చింది.

"ఎప్పుడొస్తున్నావే ఆర్డీ?" అంది అక్క. ఆర్డీ అనేది అదొక్కతే.

"వసంతంలో అక్కా. విమానంలో."

"అబ్బో, విమానంలోనే! మొగుడు లక్షాధికారి అయ్యాడా ఏమిటి?" అని పడీ పడీ నవ్వింది. "కోటు వేసుకుని రా, మొన్నటిలా వెర్రిదానిలా పల్చటి గౌనుతో దిగకు." ఆ మొన్న జరిగి నలభై ఏళ్ళయింది. అయినా గుర్తుంది దానికి. గౌను రంగు కూడా చెప్పింది.

అయిదు రోజులూ చెక్కపుల్లలతో గీకాను. రేకుల అంచులు మోచేయంతా చీరేశాయి. థాంక్స్‌గివింగ్ నాడు షెడ్డులోనే నిలబడి టర్కీ కోడి ముక్కలు పెట్టిన బ్రెడ్డు తిన్నాం. అక్క కోసం నేను చేద్దామనుకున్న బాదం కేకు చెయ్యనే లేదు. మళ్ళీ పూశాను, రెండో ట్యాంకుకి మూడుసార్లు పూశాను. కొత్త బెలూన్లు కట్టి, హీటరు ఆర్పి వచ్చాం. మర్నాడు చూస్తే రెండూ వాడిపోయి వేలాడుతున్నాయి. వెండెల్ మొహం పాలిపోయింది. నేను వెళ్ళి కాఫీ పెట్టాను.

సరిగ్గా అప్పుడే డెల్బర్ట్ వచ్చాడు. మా విమానాల క్లబ్బులో పెద్దమనిషి, తన చేతులతో మూడు విమానాలు కట్టినవాడు, ఏ షెడ్డులో కాఫీ వాసన వస్తే అక్కడ వాలతాడు. బెలూన్ల కేసి చూసి, "ఏమయ్యా వెండెల్, ఈ చలికి బెలూన్ ముడుచుకోక ఏం చేస్తుంది? హీటరు పెట్టు," అన్నాడు.

వెండెల్ మారుమాట్లాడకుండా వెళ్ళి హీటరు వెలిగించాడు. కాఫీ తాగే లోపల రెండు బెలూన్లూ లేచి నిలబడ్డాయి. అంటే మొదటిసారి పూసిందీ గట్టిగానే ఉందన్నమాట. వెండెల్ తొడ చరుచుకుని నవ్వుతూ, చూశావా ఆర్డిస్, అనుభవం అంటే ఇదీ, అన్నాడు. ఎవరి అనుభవమని నేను అడగలేదు. ఆ శుక్రవారం ఊళ్ళో చేపల భోజనాల దగ్గర క్లబ్బు వాళ్ళందరికీ ఈ కథ చెప్పాడు. అందులో బెలూన్ వాడిపోగానే కంగారు పడిపోయి అంతా గీకేసి మళ్ళీ పూసింది నేను, నవ్వి ఊరుకోబెట్టింది తను. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. డెల్బర్ట్ భార్య నా మోచేతి మీద కట్లు చూసి, ప్లేటులో ఇంకో చేప ముక్క వేసింది.

క్రిస్మస్ నాడు ఫోన్ చేస్తే అక్కే తీసింది. అక్కా, నేనే, అన్నాను. చాలా మర్యాదగా, ఎవరమ్మా మీరు, అంది. ఆర్డిస్‌ని అక్కా, నీ చెల్లెల్ని, అన్నాను. "ఓహో. నాకో చెల్లెలు ఉండేదమ్మా. అదీ ఆర్డిసే. వస్తానంది, రాలేదు," అని చెప్పింది. ఎవరి మీదో జాలి పడుతున్నట్టుగా చెప్పింది. తర్వాత కోరీన్ తీసుకుని ఏదో అంటోంది, నాకేమీ వినపడలేదు. ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు తోముతూ ఏడ్చాను. వెండెల్ వచ్చి, పాపం వయసు కదా, ఏం చేస్తాం, అని భుజం తట్టి టీవీ ముందుకి వెళ్ళాడు.

ఏప్రిల్లో విమానం పూర్తయింది. మూడు చక్రాల కింద మూడు త్రాసులు పెట్టి తూచాడు. తూచి రాసిన కాగితం ఇంట్లో బల్ల మీద వదిలేస్తే, ప్లేట్లు సర్దుతూ నేను చూశాను. విమానం ఎంత బరువు మొయ్యగలదో పైన ఉంది. కింద ఖాళీ విమానం బరువు, నాలుగు ట్యాంకుల నిండా పెట్రోలు బరువు, వెండెల్ బరువు. అన్నీ పోగా మిగిలింది డెబ్బై ఒక్క పౌండ్లు. నా బరువు నూట యాభై ఎనిమిది. కేకులు చేసేవాళ్ళకి కొలతలు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండుసార్లు కూడి చూసుకున్నాను.

"నాలుగూ నింపితే నేను పట్టను కదా," అన్నాను.

"నాలుగూ నింపినప్పుడు పట్టవు," అన్నాడు కాఫీ కలుపుకుంటూ. "సగం నింపుకుని మధ్యలో ఒకచోట దిగి వెళ్ళొచ్చుగా."

అలాగైతే మొదటున్న రెండు ట్యాంకులే చాలు కదా, మరి ఈ రెండూ ఎందుకు పెట్టించావని అడిగాను. ఇది ముందే తెలుసా అని అడిగాను. ఈ తొమ్మిదేళ్ళలో ఎన్నడూ నేను అన్ని ప్రశ్నలు ఒక్కసారి అడగలేదు. అతను చెంచా పక్కన పెట్టాడు. కోపం తెచ్చుకోలేదు. ఇన్నాళ్ళూ ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూసినట్టు చెప్పాడు. "నాకు ఒక్కసారి, ఒక్కణ్ణే, ఎనిమిది గంటలు ఆకాశంలో ఉండాలని ఉంది ఆర్డిస్. ఎవరూ నన్ను పిలవకుండా."

అతను అబద్ధమాడలేదు. ఆ కోరిక ఎలాంటిదో నాకు అర్థమైంది కూడా. అందుకే ఇంకా కడుపు మండింది. ఎవరూ పిలవని ఎనిమిది గంటలు నా బతుకులో ఎప్పుడున్నాయా అని వెతుక్కున్నాను. నేను పురిటికి ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా, ముందు రోజు ఉతికిన తన బట్టలెక్కడ పెట్టానో అడగడానికి అతను ఫోన్ చేశాడు. అతని ఎనిమిది గంటలనీ నా చేత్తోనే, నా సెలవుల్లోనే, నా సీటు బరువులోనే, నల్ల జిగురుతో అతికి పెట్టాను. అక్క పేరు చెప్పి చేయించాడు కాబట్టి ఎంత గట్టిగా అతికానో. ఆ ట్యాంకులు మా ఇద్దరి కంటే ఎక్కువ కాలం ఉంటాయి.

మే రెండో వారంలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఓడెగార్డ్ అని, పొడుగ్గా, నిదానంగా మాట్లాడే మనిషి. విమానం కట్టిన ఒక్కరికే ఏటా దాన్ని తనిఖీ చేసుకునే హక్కు ఇస్తారు. ఆ కాగితం మీద వెండెల్ పేరు నేనే టైపు చేసి పెట్టాను. ఓడెగార్డ్ పదకొండు వందల ఫొటోలూ ఓపిగ్గా తిరగేశాడు. తర్వాత ట్యాంకు మూత విప్పి, చిన్న అద్దం లోపలికి పెట్టి, దీపం వేసి చాలాసేపు చూశాడు. ఇంత శుభ్రమైన పని ఈమధ్య చూడలేదన్నాడు. చాలా రోజులు పట్టింది, అన్నాడు వెండెల్.

ఓడెగార్డ్ అద్దం బయటికి తీసి ఆ కన్నాన్ని చూశాడు. వెండెల్ చేతిని చూశాడు. తర్వాత కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ నా చేతుల వైపు చూశాడు. పెన్ను తీశాడు.

"మరి మీరేం చేశారమ్మా, ఈ తొమ్మిదేళ్ళూ?"

నా కంటే ముందు వెండెల్ అందుకుని, "కాఫీలు, ఫొటోలు, నా పిచ్చి భరించడం," అని నవ్వాడు. ఓడెగార్డ్ నవ్వలేదు. పెన్ను అలాగే పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు. నేనేం చెప్పినా రాసుకునేలా ఉన్నాడు. వెండెల్ మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. నా నోట ఏం వస్తుందోనని అతను భయపడటం మొదటిసారి చూశాను. చెబితే కాగితంలో ఒక గీత మీద నా పేరు కూడా ఉండేది. పన్నెండు వేల రివిట్లకి అవతల పక్క ఎవరున్నారో, లోపల తడిమింది ఎవరి వేళ్ళో తేలిపోయేది. నేను పట్టని విమానం మీద నా పేరు రాయించుకుని ఏం చేసుకోను? చేసిన పనులు చెప్పాలని కూడా అనిపించలేదు. ఆయన అడిగింది ఈ తొమ్మిదేళ్ళూ ఏం చేశానని. దానికి జవాబు ఒకటే ఉంది. ఫ్లాస్కు బల్ల మీద పెట్టాను.

"మా అక్కని చూడ్డానికి వెళ్ళలేదండీ," అన్నాను.